విధి నిర్వహణలో ఉన్న ఈగ

మా మండలంలో ఈగలకు సర్కారు ఉద్యోగం వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. సరిగ్గా ఆ రోజే నా పర్మినెంటు ఫైలు పదకొండోసారి వెనక్కి వచ్చింది.

నా పేరు భూషణం. వెలగలపాడులో ఉద్యాన శాఖ వారి కాంట్రాక్టు సహాయకుణ్ణి. తొమ్మిదేళ్ల నుంచి సహాయం చేస్తూనే ఉన్నాను. ఏటా మార్చి ఆఖరున నన్ను ఒక్క రోజు తీసేసి, మర్నాడు మళ్లీ పెట్టుకుంటారు. నేను వరసగా పనిచేశానని ఎక్కడా రుజువు మిగలకూడదని ఆ ఏర్పాటు. ఆదివారాలు, పండగలు పర్మినెంటు వాళ్లకి. కాంట్రాక్టు వాడికి సెలవు కావాలంటే జ్వరం రావాలి, అది కూడా ముందుగా చెప్పి రావాలి.

ఇక అసలు సంగతి. మాది మామిడి తోటల ప్రాంతం. మామిడికి పండు ఈగ అని ఒక పీడ ఉంది. కాయ పక్వానికొచ్చే వేళకి ఆడ ఈగ వచ్చి తొక్కలోకి సూది దించి లోపల గుడ్లు పెట్టి పోతుంది. పైకి కాయ నవనవలాడుతూనే ఉంటుంది. కోస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడతాయి. పోయినేడు మా ఊరి రైతు పోలిన అచ్చియ్యమ్మ గారి రసాలు లారీడు మార్కెట్ యార్డుకి వెళ్లి, వెళ్లిన లారీలోనే తిరిగొచ్చాయి. ఆవిడకి భర్త లేడు. ఆరెకరాల తోట, నూట పన్నెండు చెట్లు, అన్నీ బిందెలతో నీళ్లు మోసి పెంచినవే. తోటలో సగం వాటా ఆవిడ మరిది వీరాస్వామిది. ఈ ఏడు కూడా కాయ పోతే చెట్లన్నీ కొట్టించి పామాయిల్ వేస్తానని వీరాస్వామి ఉగాది నాడే తేల్చి చెప్పాడు. కలప వ్యాపారి వచ్చి ఒక్కో చెట్టు మొదలు చుట్టూ తాడు వేసి కొలుచుకుని కూడా వెళ్లాడు.

అప్పుడొచ్చింది పథకం. మగ ఈగల్ని లక్షల్లో పెంచి, వాటికి ల్యాబులో ఏదో కిరణం తగిలిస్తారు. దాంతో అవి సంతానానికి పనికిరాకుండా పోతాయి గానీ మిగతా హుషారంతా అలాగే ఉంటుంది. వాటిని డ్రోనుతో తోటల మీద వదిలితే ఊరి ఆడ ఈగలు వాటితో జత కడతాయి, గుడ్లు పెడతాయి, గుడ్లు పొదగవు. మందు కొట్టే పని లేదు. ఇది నిజంగా తెలివైన పని, నేను వెటకారానికి అనడం లేదు. తెలివైన పని మా ఆఫీసు గుమ్మం దాటాక ఏమైందన్నదే నా కథ.

అచ్చియ్యమ్మ గారికి ఇదంతా వివరించడం నా వంతు అయింది. ఆవిడ చీపురుతో ఎండుటాకులు ఊడుస్తూ సాంతం విన్నది.

"అంటే భూషణం, మగాడు బాగానే ఉంటాడు, కాపురం చేస్తాడు, పిల్లలు మాత్రం పుట్టరు. అంతేనా?"

"అంతే పిన్నిగారూ."

"అయినా గొడ్రాలని పేరు మాత్రం ఆడదానికే వస్తుంది చూడు" అని ఆవిడ మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

ల్యాబు నుంచి ఒక సైంటిస్టమ్మ వచ్చి మా స్పెషల్ ఆఫీసర్ తాళ్లూరి దక్షిణామూర్తి గారికి మూడు మాటలు చెప్పింది. మగ ఈగల్నే వదలండి, ఆడవాటికి సూది ఉంటుంది. చెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రచీమల్ని కదిలించకండి, అవి ఊరి ఈగల్ని దగ్గరికి రానివ్వవు. కాయ పక్వానికి రాగానే కోయించండి. దక్షిణామూర్తి గారు "నోట్ చేసుకోవడమైనది" అన్నారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గానీ ఆఫీసులో ఎప్పుడూ ఉత్తర్వు భాషే. ఆ నోటు ఫైల్లోకి పోయింది, ఫైలు బీరువాలోకి పోయింది, బీరువా తాళం పాత ఆఫీసర్ గారితో బదిలీ మీద పోయింది.

మొదటి విడత యాభై వేల ఈగలు. ప్రారంభోత్సవం అచ్చియ్యమ్మ గారి తోటలోనే. డ్రోనుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. చక్రాలు లేవు కాబట్టి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలన్న విషయం మీద కాసేపు చర్చ జరిగింది. చివరికి ఒక నిమ్మకాయను దక్షిణామూర్తి గారు స్వయంగా కాలితో తొక్కారు. డ్రోను లేచింది, చెట్ల మీద గులాబీ రంగు దుమ్ము రాలినట్టు ఈగలు రాలాయి. సర్కారు ఈగ ఏదో, ఊరి ఈగ ఏదో తెలియడానికి వాటికి ఆ రంగు పొడి అద్దుతారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్లాను. అచ్చియ్యమ్మ గారి చెట్లకి పన్నెండు ఎర సీసాలు వేలాడుతుంటాయి. వాటిలోని మందు వాసనకి మగ ఈగలు వచ్చి అందులో పడి చస్తాయి. పోయినేడు మా శాఖే సబ్సిడీ మీద ఇచ్చింది. మూతలు తీసి చూస్తే అన్నీ గులాబీ రంగే. మగ ఈగలంటే మగ ఈగలేగా, వాసనకి ఊరివీ సర్కారువీ అన్న తేడా ఏముంది? డ్రోను వదిలే ముందు ఆ సీసాలు దించాలన్న ఆలోచన అంత పెద్ద ఆఫీసులో ఒక్కరికీ రాలేదు, నాతో సహా. బుద్ధి గడ్డి తిని, నేను ఒక్కొక్కటీ లెక్కపెట్టి రిపోర్టు రాశాను. 'నాలుగు వందల పన్నెండు గులాబీ ఈగలు మరణించినవి.'

గంటలో దక్షిణామూర్తి గారి దగ్గర్నుంచి పిలుపు వచ్చింది.

"భూషణం, ఈ నాలుగొందల పన్నెండు మంది ఎలా పోయారు?"

'మంది' అన్నారు. ఈగలని అనలేదు.

"సీసాల్లో పడి పోయాయండి. అచ్చియ్యమ్మ గారి ఎర సీసాలండి."

"ఆలోచించు. ప్రభుత్వ ఖర్చుతో పెరిగి, ప్రభుత్వ మేత మేసి, ప్రభుత్వ వాహనంలో ప్రయాణించి, ప్రభుత్వ పని మీద వచ్చిన జీవిని ఏమంటారు?"

కార్పొరేషన్ చైర్మన్ గారంటారండీ అనబోయి నోరు నొక్కుకున్నాను.

"ప్రభుత్వ సిబ్బంది అంటారు" అన్నారాయన. "సదరు సిబ్బందిని విధి నిర్వహణలో ఉండగా సీసాలో వేసి చంపితే దాన్ని ఏమంటారు?"

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చేసింది. గులాబీ వర్ణము గల సిబ్బంది విధులకు ఆటంకము కలిగించు సీసాలు, జిగురు అట్టలు, పొగ, విసనకర్రలు తదితర సాధనములు తోటల నుంచి తక్షణమే తొలగించవలెను, ఉల్లంఘించినవారు చట్టరీత్యా శిక్షార్హులు. సీసాలు దించే పని నాది.

"ఇదేం చోద్యం భూషణం?" అంది అచ్చియ్యమ్మ గారు, సీసాలన్నీ గోనె సంచిలో వేస్తుంటే. "ఊరి ఈగలు కూడా వీటిల్లోనే కదా చచ్చేవి. మీ ఈగలు పని మొదలెట్టేదాకా నా కాయలకి కాపలా ఎవరు? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటే ఇదే."

"సర్క్యులర్ పిన్నిగారూ" అన్నాను. తొమ్మిదేళ్లలో నేను బాగా నేర్చుకున్న మాట అదొక్కటే.

సిబ్బంది అన్న మాట ఆఫీసులో ఒకసారి పడ్డాక, ఫైలు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వెళ్లక తప్పదు. అక్కడ సూపరింటెండెంట్ కామేశం గారు ఉన్నారు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో రూలు తప్పి ఎరగడు. దున్నపోతు ఈనిందని ఎవరైనా చెబితే, ప్రసూతి సెలవుకి దరఖాస్తు పెట్టుకుందా అని అడుగుతాడు. ఆయన మొదట తేల్చిన విషయం, ఈ ఈగలు కాంట్రాక్టా, పర్మినెంటా అన్నది.

"కాంట్రాక్టు పత్రం లేదు. మధ్యలో ఏజెన్సీ లేదు. సర్కారే నేరుగా నియమించింది. కాబట్టి పర్మినెంటు" అన్నాడు.

"మరి నేనండీ?" అని అడిగాను.

"నీకు కాంట్రాక్టు పత్రం ఉంది కదయ్యా!" అన్నాడు, ఎంతో అదృష్టవంతుణ్ణి చూసినట్టు చూస్తూ.

తర్వాత ఆయన కళ్లజోడు సవరించుకుని అసలు అభ్యంతరం రాశాడు. యాభై వేల నియామకాలు జరిగినవి. అందరూ మగవారే. నిబంధనల ప్రకారం నియామకాలలో మూడో వంతు స్త్రీలకు కేటాయించవలసి ఉన్నది. ఇట్టి ఉల్లంఘన ఎవరి అనుమతితో జరిగినదో సంజాయిషీ కోరడమైనది.

ఆ రూలు మంచిదే. మా అక్కయ్య ఆ రూలు వల్లే టీచరైంది. కానీ అది మనుషుల కోసం రాసింది. ఆ ముక్క ల్యాబు సైంటిస్టమ్మ ఫోను చేసి మరీ మొత్తుకుంది. "సార్, ఆడ ఈగలకి సూది ఉంటుంది. గొడ్డుదైనా గుచ్చుతుంది. కాయ పాడైపోతుంది." కామేశం గారు శ్రద్ధగా విని, ఫోను పెట్టేసి, 'తమ అభిప్రాయము స్త్రీలకు వ్యతిరేకముగా ఉన్నట్లు తోచుచున్నది' అని ఆవిడకి లేఖ రాశాడు. ఆవిడ పైఅధికారికి కూడా ఒక నకలు పంపాడు. పైఅధికారి భయపడ్డాడు. రెండో విడతలో మూడింట ఒక వంతు ఆడ ఈగలు వచ్చాయి.

వారం తిరక్కుండానే అచ్చియ్యమ్మ గారు కబురు చేసింది. వెళ్లేసరికి దక్షిణామూర్తి గారి జీపు అప్పటికే తోటలో ఉంది. ఆవిడ ఒక కొమ్మ వంచి చూపిస్తోంది. కాయల మీద సూదితో పొడిచినట్టు చుక్కలు, చుక్క చుక్కకీ జీడి సొన కారి నల్లబడ్డ చార.

"మీ గులాబీ ఆడాళ్లు బాబూ" అంది.

దక్షిణామూర్తి గారు ఒక కాయ కోయించి, భూతద్దం పెట్టి చూశారు. "పురుగు లేదు. పథకము విజయవంతము."

"పురుగు లేదు బాబూ, మచ్చ ఉంది. మచ్చ పడ్డ చోటు నాలుగు రోజుల్లో కుళ్లుద్ది. మచ్చ కాయ యార్డులో ఎవడు ముట్టుకుంటాడు?"

"చూడమ్మా, మహిళా సిబ్బంది ఫలములను క్షేత్రస్థాయిలో పరిశీలించుచున్నారు. పరిశీలన జరిగినట్లు గుర్తు ఉండడం సహజము. నేను కూడా ఎక్కడికి తనిఖీకి వెళ్లినా స్టాంపు వేస్తాను."

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఈయన నిజంగానే అంటున్నాడా అని వెతికింది. నిజంగానే అన్నారు. ఆయన దగ్గర ఉన్న గుణం అదే, ఏదన్నా నిజంగానే అంటారు.

జీపు ఎక్కబోతూ ఆయన తలెత్తి చూశారు. ఆకుల్ని కలిపి కుట్టిన చీమల గూడు ఒకటి కనపడింది. గూటి ముందు నాలుగు ఎర్రచీమలు ఒక గులాబీ ఈగని తలో కాలూ పట్టుకుని లాక్కుపోతున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి నా చేతిలో నోటీసు ఉంది. తోట యజమానురాలు మూడు దినములలోగా చీమలను ఖాళీ చేయించవలెను.

"చీమలకి నోటీసైతే నాకెందుకిస్తావు? వాటికే ఇచ్చుకో" అంది అచ్చియ్యమ్మ గారు. ఆవిడ కోపం నా మీద కాదని తెలుసు, అయినా సిగ్గుగా అనిపించింది. నిచ్చెన వేసుకుని గూటికే అంటించాను. చీమలు నన్ను మెడ మీద ఏడు చోట్ల కుట్టాయి. రెండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే నోటీసు కాగితాన్ని కూడా ఆకులతో కలిపి కుట్టేసి, అందులో కాపురం పెట్టాయి. నోటీసు అందినట్లు రాశాను.

ఈలోగా మే నెల వచ్చింది. రసాలు పక్వానికొచ్చాయి. రసం కాయ బంగినపల్లిలా ఆగదు. తొడిమ దగ్గర పసుపు తిరిగిందంటే కోసెయ్యాలి, లేకపోతే గాలి విసిరితే చాలు, రాలిపోతుంది. అచ్చియ్యమ్మ గారు కూలీల్ని మాట్లాడుకుంది, వల చిక్కాలు కట్టిన గడకర్రలు సిద్ధం చేసుకుంది. కోత మొదలెట్టే రోజున మరో సర్క్యులర్ నేనే పట్టుకెళ్లాను.

ఫలము అనునది సిబ్బంది యొక్క కార్యస్థానము. సిబ్బంది విధులలో ఉండగా కార్యస్థానమును తొలగించుట నిషిద్ధము. అట్టి సమయమున కోతకు ముందుగా నిరభ్యంతర పత్రము పొందవలెను.

ఆవిడ నిలబడ్డ చోటే కూలబడింది. "భూషణం, ఈగలు కాయల్ని పాడు చెయ్యకుండా ఉండడానికి కదా మీరొచ్చింది?"

"అవును పిన్నిగారూ."

"ఇప్పుడు ఈగలు పాడైపోకుండా కాయల్ని ఉంచాలంటున్నారు."

నా జేబులో సర్క్యులర్ అందినట్లు ఆవిడ వేలిముద్ర వేయాల్సిన కాగితం ఉంది. ఆ రోజు నేను దాన్ని బయటికి తియ్యలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది.

నిరభ్యంతర పత్రం కోసం ఆవిడ మూడుసార్లు ఆఫీసుకి తిరిగింది. మొదటిసారి దక్షిణామూర్తి గారు మీటింగులో ఉన్నారు. రెండోసారి, సిబ్బంది ఎప్పుడు విధులు ముగిస్తారో ఆ తర్వాత ఇస్తామన్నారు. ఈగ బతికేదే రెండు వారాలు. కానీ వారం వారం కొత్త విడత దిగుతూనే ఉందాయె, ముగియడం ఎక్కడిది? మూడోసారి బుధవారం. ఆ రోజు పొద్దున గాలికి రెండు బస్తాల కాయ రాలింది. ఆవిడ రాలిన కాయలతో ఒక గంప నింపుకుని వచ్చి కామేశం గారి బల్ల ముందు దించింది. వీరాస్వామి కలప వాళ్లకి ఆదివారం రమ్మని చెప్పాడట.

"తింటారా బాబూ? పరిశీలన కాని కాయలే తెచ్చాను."

కామేశం గారు లంచం అనుకుని కుర్చీ వెనక్కి జరిపాడు. ఆవిడ నేల మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు చదువు లేదు బాబూ. ఒక్క సందేహం అడుగుతాను. మా తోటలో పనిచేసే మీ వాళ్లని చూస్తుంటే జాలేస్తోంది. పొద్దున లేచింది మొదలు కాయ మీద కాయ, కాయ మీద కాయ. మీకైతే ఆదివారం ఉంది. వాళ్లకి లేదా?"

కామేశం గారి కలం ఆగింది.

"ఎవరన్నారు లేదని?"

"ఎవరూ అన్లేదు. మా భూషణానికి లేదుగా, వాళ్లకీ లేదేమో అనుకున్నా."

"భూషణం కాంట్రాక్టు!" కామేశం గారు లేచి నిలబడ్డాడు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు ఆయన గొంతులో పలికింది. "వాళ్లు పర్మినెంటు. ఆదివారాలు, రెండో శనివారం, ప్రకటిత పండుగలు, అన్నీ వర్తిస్తాయి. పర్మినెంటు ఉద్యోగికి సెలవు ఎగ్గొట్టే అధికారం ఎవరికీ లేదు."

"అయితే ఆ ముక్క కాగితం మీద ఉందా బాబూ?"

లేదు. ఆ లోపం ఆయన్ని దహించేసింది. అక్కడికక్కడే టైపు చేయించాడు. 'గులాబీ సిబ్బందికి ప్రభుత్వ సెలవులన్నియు వర్తించును. సెలవు దినములలో సదరు సిబ్బంది విధులలో ఉన్నట్లు పరిగణింపరాదు.' ఆ కాగితం సంతకాలకి వెళ్లిన నలభై కాగితాల్లో ఒకటై, అరగంటలో దక్షిణామూర్తి గారి ఆకుపచ్చ సంతకంతో బయటికొచ్చింది. ఆయన చదివి సంతకం పెట్టరు. సంతకం పెట్టాక కూడా చదవరు.

ఆవిడ కాపీ అడిగి తీసుకుని, మడత పెట్టి, బొడ్డు సంచిలో దోపుకుంది. మెట్ల దగ్గర నన్ను అడిగింది.

"రేపు కాక ఎల్లుండి కాక ఆవలి రోజు రెండో శనివారమేగా? ఆ రోజు ఈగలు విధుల్లో లేనట్టేగా?"

అప్పటిదాకా నేను కూడా ఆవిడ నిజంగానే ఈగల మీద జాలిపడిందనుకున్నాను.

"నువ్వు మాత్రం రాకు భూషణం" అంది. "నీకు సెలవు లేదుగా. నీ మీదకి వస్తుంది."

ఆ రెండు రోజులూ ఆలోచించాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. తొమ్మిదేళ్లు ఒక ఫైలు వెనక తిరిగినవాడికి భయం అలవాటైపోతుంది. శనివారం పొద్దున్నే సైకిలు తీశాను. ఆఫీసు దారికి, తోట దారికి మధ్య చింతచెట్టు దగ్గర చీలిక వస్తుంది. నా సైకిలు తోట వైపు తిరిగింది.

ఆ రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంది. పక్క తోటల వాళ్లు తమ చిక్కాలు తామే తెచ్చుకున్నారు. ఆవిడ తోటలో పని నడిస్తే తమ తోటల్లోనూ నడుస్తుందని వాళ్లకి అర్థమైంది. గడకర్రలు పైకి లేస్తున్నాయి, కాయ చిక్కంలో పడుతోంది, కింద ఆడవాళ్లు జీడి కారకుండా బోర్లించి పేరుస్తున్నారు. నేను చొక్కా విప్పి గడకర్ర పట్టుకున్నాను. గులాబీ ఈగలు కుప్పల మీద ముసురుకున్నాయి. ఒకామె తువ్వాలు ఎత్తి "కొట్టెయ్యనా అత్తా?" అంది.

"వద్దులేవే. సెలవులో ఉన్నారు. చుట్టపుచూపుగా వచ్చారనుకో" అంది అచ్చియ్యమ్మ గారు.

ఆదివారం మధ్యాహ్నానికి నూట పన్నెండు చెట్లూ ఖాళీ అయ్యాయి. మూడింట రెండు వంతుల కాయ శుభ్రంగా ఉంది, లారీ ఎక్కింది. చీమల గూళ్లున్న చెట్ల కాయకి ఒక్క చుక్క లేదు. మచ్చ పడ్డ కాయని ఆవిడ పారెయ్యలేదు. మచ్చ మేర చెక్కేసి, రసం పిండించి, తాండ్రకి చాపలు పరిపించింది. వీరాస్వామి కలప వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చి, లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక కాయ తీసి కోసి చూశాడు. తిన్నాడు. ఇంకోటి తిన్నాడు.

"ఈ ఏటికి చెట్లు ఉండనిద్దాంలే వదినా" అన్నాడు. వ్యాపారి తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు. అచ్చియ్యమ్మ గారు వెళ్లి, మొదటి వరసలో మొదటి చెట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. అందరం అటు చూడనట్టు పని చేసుకున్నాం.

సోమవారం మరో విడత ఈగలతో డ్రోను వచ్చింది. తోట మీద మూడు చుట్లు తిరిగింది. కింద కార్యస్థానం లేదు. దక్షిణామూర్తి గారు ఆకుల్లోకి, నేల మీదకి, మళ్లీ ఆకుల్లోకి చూశారు. అచ్చియ్యమ్మ గారు బొడ్డు సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆయన తన సంతకాన్ని మొదటిసారి శ్రద్ధగా చదివారు.

విచారణ రెండు రోజుల్లోనే ముగిసింది. తప్పు అచ్చియ్యమ్మ గారిది కాదు, ఆవిడ దగ్గర ఉత్తర్వు ఉంది. కామేశం గారిది కాదు, ఆయన రూలు రాశాడు. దక్షిణామూర్తి గారిది అసలే కాదు, ఆయన ఆ రోజు సెలవులో ఉన్నారు. ఈగలదీ కాదు, అవీ సెలవులోనే ఉన్నాయి. శని, ఆదివారాల్లో శాఖ మొత్తంలో విధుల్లో ఉన్న వ్యక్తి ఎవరా అని వెతికితే ఒకే ఒక్కడు దొరికాడు. కాంట్రాక్టు వాడు. పైగా చేతిలో గడకర్రతో.

నన్ను తీసేస్తూ ఇచ్చిన కాగితంలో కారణం మర్యాదగానే రాశారు. మండలంలో లక్షకు పైగా పర్మినెంటు సిబ్బంది అందుబాటులో ఉన్నందున కాంట్రాక్టు పోస్టు అవసరము లేదు. ఇక పథకం రిపోర్టులో, పోలిన అచ్చియ్యమ్మ తోటలో ప్రస్తుతం ఈగ సోకిన కాయలు సున్నా అని రాశారు. అది అబద్ధం కాదు, చెట్ల మీద అసలు కాయే లేదు. నూటికి నూరు శాతం విజయం వచ్చింది కాబట్టి వచ్చే ఏడు జిల్లా అంతా వదులుతారట. మరోసారి గందరగోళం రాకుండా కామేశం గారు సిబ్బంది పనివేళలు కూడా ఖరారు చేసి బోర్డు మీద అంటించాడు. ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా. మధ్యాహ్నం అరగంట భోజన విరామం.

గురువారం అచ్చియ్యమ్మ గారి పెరట్లో చాపల మీద తాండ్రకి నాలుగో పూత పూస్తున్నాం. ఉద్యోగం పోయాక నాకు అదే పని. రేపట్నుంచి చెట్లకి పాదులు తవ్వడానికి రమ్మంది, ఆదివారం సెలవిస్తానని కూడా అంది. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

అంతలో ఒక గులాబీ ఈగ ఎక్కణ్ణించో వచ్చి తడి తాండ్ర మీద సరిగ్గా నా ముందు వాలింది. చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ గాల్లోనే ఆగిపోయింది.

అచ్చియ్యమ్మ గారు పూత పూస్తూనే అడిగింది. "టైమెంతైంది భూషణం?"

"అయిదుంపావు పిన్నిగారూ."

"ఆఫీసు అయిపోయిందిగా. కొట్టు."